కాలు జారలేదు

ఇంగ్లండ్ రేవుపట్నం గ్రిమ్స్‌బీలో, పొగ మాన్పించే క్లినిక్‌లో సిగరెట్ కాల్చావా అని ఎవరూ ఎవరినీ అడగరు. అది మొరటు మాటట. "కాలేమైనా జారిందా?" అంటారు. ఇంత సుకుమారమైన మాట ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, మెత్తని చెప్పుతో కొట్టినట్టుంటుంది. ఆ దెబ్బ ఎలా ఉంటుందో గేనర్ టాస్కర్‌కి ఆ అక్టోబర్‌లో బాగా తెలిసొచ్చింది.

గేనర్‌కి యాభై ఎనిమిదేళ్ళు. రేవు పక్క చేపల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను మీద నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆమె పనిలో చేరిన రోజుల్లో సిగరెట్ తాగేవాళ్ళు మధ్యమధ్యలో బయటికెళ్ళి గోడవారన కూర్చుని వచ్చేవాళ్ళు, తాగనివాళ్ళు అలాగే నిలబడి చేపలు సర్దుతుండేవాళ్ళు. తాగితే తప్ప కూర్చోవడానికి వీల్లేని చోట ఎవరు మాత్రం మానేస్తారు? భర్త ఊపిరితిత్తులు పాడై చనిపోయినా ఆమె మానలేదు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు చూపించి బెదిరించినా మానలేదు. కూతురు జోడీ మత్తుమందులు మాన్పించే కేంద్రంలో చేరితే, ఆరేళ్ళ మనవరాలు మార్నీ ఓ సంచీ, ఓ బొమ్మ కుందేలుతో గుమ్మంలోకి వచ్చిన రోజున మానేసింది. అంతే, మారు మాట లేదు.

మానక చస్తుందా మరి. పొగ తాగే ఇంట్లో చిన్నపిల్లని ఉంచడానికి వాళ్ళ ఊరి కౌన్సిల్ ఒప్పుకోదు. మార్నీ అమ్మమ్మ దగ్గరే పెరగాలా, ముక్కూమొహం తెలియని ఇంటికి పోవాలా అన్నది నవంబర్‌లో ఓ కమిటీ కూర్చుని తేలుస్తుంది. అప్పటిదాకా గేనర్ క్లినిక్‌కి వెళ్ళి అట్టగొట్టంలో ఊదాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంతుందో ఆ మిషను చెబుతుంది. పచ్చ వెలిగితే పొగ లేదని, పసుపు వెలిగితే అనుమానమని, ఎరుపు వెలిగితే దొరికిపోయినట్టని. వేసవంతా గేనర్ పచ్చే ఊదింది. గొట్టం నోట్లోంచి తీసి, పరీక్ష పాసైన చిన్నపిల్లలా నవ్వేది.

ఇదంతా వేప్ పుణ్యమే. సిగరెట్ బదులు ఆవిరి పీల్చుకునే ఆ గొట్టాన్ని క్లినిక్ వాళ్ళే ఇచ్చారు. ఎప్పుడూ కోటు జేబులో ఉండేది, నల్లద్రాక్ష వాసనేసేది. ఆమెతో పాటు అదే గదిలో మొదలుపెట్టిన వాళ్ళలో ఓ లాయరు, రిటైరైన ఓ హెడ్‌మిస్ట్రెస్ ఉండేవాళ్ళు. వాళ్ళు ఆర్నెల్లకల్లా వేప్ కూడా మానేసి, ఇప్పుడు సముద్రం ఒడ్డున పరుగులు పెడుతున్నారు. గేనర్ వీధిలో వాళ్ళు మాత్రం అలాగే పట్టుకు వేలాడుతున్నారు. పగలు పదిమంది చేత మాటలు పడి, సాయంత్రానికి ఒళ్ళు హూనమై, ఇంటికొచ్చి ఓ గంట ఒంటరిగా కూర్చునేవాళ్ళకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఓసారి ఆ వీధిలో కాపురం ఉంటే చాలు.

సెప్టెంబర్ చివర్లో ఫిలిప్పా వెన్ వచ్చింది. కౌన్సిల్ తరఫున మార్నీ సంగతి చూసే అధికారిణి, నలభై దాటిన మనిషి, మంచి ఉన్ని కోటు. నెమ్మదిగానే మాట్లాడుతుంది. ఇల్లంతా కలయజూసి, ముందు గది చల్లగా ఉంది, పాపకి ఇబ్బంది కదా అంది. ఆ మాట గేనర్‌కి సూదిలా గుచ్చుకుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు గోడలో ఉన్న పాత గ్యాస్ మంటపొయ్యి వెలిగించింది. ఇంటి ఓనరు దాన్ని బాగుచేయించి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు, ఫోన్ చేస్తే ఎత్తడు. వెలిగింది కదా, చాలనుకుంది. ఆ రోజు నుంచీ గది వెచ్చగా ఉంది. మార్నీ కుందేలుతో సహా మంట ముందే బాసింపట్టు వేసుకుని కూర్చునేది.

నాలుగు రోజులు పోయాక, సాయంత్రం టీ వేళ, గేనర్ సోఫాలో కూర్చుని వేప్ లాగుతుంటే బీరువా మీద ఓనరు పెట్టిన అలారం కీచుమని అరిచింది. ఆగింది. మళ్ళీ అరిచింది. ఆవిరికి అలారాలు అరుస్తాయని ఆ వీధిలో అందరికీ తెలుసు. పక్కింటి బెవ్ ఇంట్లో వంటగదిది అరిచింది, పబ్బులో మరుగుదొడ్డిది అరిచింది. అవి పొగకి అరిచే అలారాలు, ఇది పొయ్యి వదిలే విష గ్యాస్‌కి అరిచేది అన్న తేడా ఎవరికి తెలుసు? ఫిలిప్పా కూర్చున్నప్పుడు ఇది అరిస్తే ఏమనుకుంటుంది? సిగరెట్టే అనుకుంటుంది. గేనర్ కుర్చీ ఎక్కి దాన్ని దించి, బ్యాటరీలు పీకి, టవల్లో చుట్టి సొరుగులో పెట్టేసింది. ఇకనుంచి ఇంట్లో ఆవిరి కూడా వదలకూడదని, పెరటి మెట్టు మీద చలిలో కూర్చుని లాగడం మొదలుపెట్టింది. అంత జాగ్రత్త మనిషి.

ఆ నెల క్లినిక్‌లో ఎరుపు వెలిగింది.

డెర్మట్ అని, ఊదించే కుర్రాడు ఐర్లండ్ వాడు, మంచివాడే. మిషను వైపు చూసి, గేనర్ వైపు చూసి, గొంతు తగ్గించి, "కాలేమైనా జారిందా, గేనర్ గారూ?" అన్నాడు.

"లేదు," అంది గేనర్.

పర్లేదు, అందరికీ జరుగుతుంది, సిగ్గుపడాల్సిందేం లేదు అన్నాడు. లేదు బాబూ, నిజంగా లేదంది. వేప్ వల్లేమో అంటే, వేప్‌తో ఇది పెరగదండీ అని మెత్తగా చెప్పాడు. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉందా, అలారం ఉందా అని వెళ్ళేముందు రివాజుగా అడిగాడు. ఉంది, అంది. అబద్ధమేం కాదు, సొరుగులో ఉంది. ఆ మాటతో అసలు కారణం బయటపడే దారి కూడా మూసుకుపోయింది. డెర్మట్ ఏదో రాసుకుని, ఆమె మోచెయ్యి మీద చెయ్యి వేసి సాగనంపాడు. ఆ చెయ్యి వేయడమే ఆమె భరించలేకపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి బెవ్‌తో చెప్పుకుంటే, వేపులు సిగరెట్ల కంటే అన్యాయమని టీవీలో చెప్పారని బెవ్ తేల్చేసింది. డెర్మట్ పెరగదంటాడు, మిషను పెరిగిందంటుంది, గేనర్‌కి తను తాగలేదని తెలుసు. ఇక మిగిలింది వేప్ ఒక్కటే. ఆ సాయంత్రమే దాన్ని చెత్తబుట్టలో పడేసింది. పడేశాక ఆ బుట్ట వైపు చూడకుండా ఉండటానికి పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు.

తర్వాతి రోజులు నరకం. తల దిమ్ముగా ఉండేది, కడుపులో దేవినట్టుండేది, మెట్లెక్కితే కాళ్ళు తేలిపోయేవి. వేప్ మానినందుకేలే అని సరిపెట్టుకుంది. మార్నీ కూడా పొద్దున్నే లేవనని మొరాయించేది, తలనొప్పి అమ్మమ్మా అనేది. స్కూలుకెళ్ళాక హుషారుగానే ఉందని టీచరు చెప్పింది. స్కూల్లో బాగుండి ఇంట్లో బాగులేదంటే వాళ్ళమ్మ మీద బెంగ కాక మరేమిటి? గేనర్ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చలి తగలకుండా మంట ఇంకాస్త పెంచేది.

ఫిలిప్పా మళ్ళీ వచ్చింది. క్లినిక్ కబురు ముందే అందినట్టుంది. కోపంగా మాట్లాడలేదు, అదే బాధ. గేనర్ గారూ, మీరు నిజం చెబితే నేను సాయం చేయగలను, దాస్తే నా చేతులు కట్టేసినట్టవుతుంది అంది. దాయడానికేం లేదని గేనర్ చెబుతుంటే, తన మాట తనకే దొంగమాటలా వినిపించింది. ఆవిడ వెళ్ళాక కిటికీ తెర తొలగించి చూసింది. ఫిలిప్పా కారులో కూర్చుని, తల వంచి, అరచేతిలో దాచుకున్న దేన్నో నోట్లో పెట్టుకుంది. కారు అద్దం సందులోంచి సన్నగా తెల్లని ఆవిరి బయటికొచ్చింది. అందుకేనన్నమాట ఆవిడ కోటు ఎప్పుడూ మామిడిపండు వాసనేసేది. గేనర్ తెర వేసేసింది. ఎవరి తిప్పలు వాళ్ళవి అనుకుంది.

కమిటీకి ముందు ఆఖరిసారి ఊదాల్సిన రోజు స్కూలుకి సెలవు, అందుకని మార్నీని వెంటబెట్టుకెళ్ళింది. వెళ్ళేదారిలో దుకాణంలో ఆగి ఓ సిగరెట్ పెట్టె కొంది. విప్పలేదు. కోటు లోపలి జేబులో పెట్టుకుంది. ఈసారీ ఎరుపే వెలిగితే, పిల్ల ఎటూ పోతుంది, ఇంటికెళ్ళి పెరటి మెట్టు మీద కూర్చుని మొత్తం పెట్టె కాల్చేస్తాననుకుంది. ఎలాగూ తాగావంటున్నారు కదా, తాగినదాన్నే అవుతాను. ఒళ్ళు మండి అనుకున్న మాట కాదది, ఓపిక అయిపోయి అనుకున్నది.

క్లినిక్‌లో ఫిలిప్పా కూడా కూర్చుని ఉంది. గేనర్ ఊపిరి బిగబట్టి, లెక్కపెట్టి, గొట్టంలో ఊదింది. ఎరుపు. కిందటిసారి కంటే ఎక్కువ.

డెర్మట్ మిషను వైపే చూస్తున్నాడు. ఫిలిప్పా కలం మూత తీసింది.

"నా కాలు జారలేదు," అంది గేనర్. "నేను తాగలేదు. వేప్ కూడా మానేశా. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు, ఎవరి మీద ఒట్టేసి చెప్పమంటారు?"

మార్నీ అప్పటిదాకా డెర్మట్ బల్ల మీదున్న కొత్త గొట్టాల డబ్బాతో ఆడుకుంటోంది. పెద్దవాళ్ళ మొహాలు చూసి, అమ్మమ్మ ఆటలో ఓడిపోయిందనుకుందో ఏమో, "నేనూదుతా, నాకు పచ్చ వస్తుంది," అంది. డెర్మట్ ఆ గదిలోంచి ఎలా బయటపడాలో తోచక అలా మార్నీ వైపు తిరిగాడు. కొత్త గొట్టం తగిలించి, ఊపిరి ఎలా బిగబట్టాలో చూపించాడు. పిల్ల బుగ్గలు ఉబ్బించి, కళ్ళు పెద్దవి చేసి, మధ్యలో ఓసారి నవ్వి, మళ్ళీ బిగబట్టి, ఊదింది.

ఎరుపు వెలిగింది.

ఫిలిప్పా చప్పున గేనర్ వైపు చూసింది. ఆ చూపులో ఏముందో గేనర్‌కి తెలిసింది. పిల్ల మొహం మీదే పొగ వదులుతున్నావా అన్న ప్రశ్న అది. కానీ డెర్మట్ అప్పటికే లేచి నిలబడ్డాడు, వాడి మొహం పాలిపోయింది. పక్కన కూర్చుని ఎంత తాగినా పిల్లకి ఇంత రాదన్నాడు. ఇంట్లో గ్యాస్ మండుతోందా, ఎన్నాళ్ళనుంచి, తలనొప్పులున్నాయా అని గబగబా అడుగుతూనే ఫోన్ అందుకున్నాడు.

చెప్పడానికి సిగ్గే గానీ, గేనర్‌కి ముందు కలిగింది సంతోషం. తను అబద్ధాలకోరు కాదని తేలిపోయింది. నెల రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆ సంతోషం మార్నీ మొహం చూసేదాకానే ఉంది. పిల్ల ఎర్ర దీపం వైపు చూస్తూ, "నేనేం తప్పు చేశా అమ్మమ్మా?" అంది. అప్పుడు గేనర్‌కి ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన చేత్తో తనే పెంచిన మంట. టవల్లో చుట్టిన అలారం. తన సంతోషం తల్చుకుని ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. రక్తం తీశారు. గండం గడిచింది, పాపకేం భయం లేదన్నారు. ఇంకో వారం ఆ గదిలోనే ఉంటే మాత్రం ఇలా చెప్పేవాళ్ళం కాదన్నారు. గ్యాస్ వాళ్ళు ఇంటికెళ్ళి చూసి, పొగగొట్టం పక్షిగూళ్ళతో, మసితో పూర్తిగా పూడుకుపోయిందని, వాయువంతా గదిలోకే వస్తోందని చెప్పి, పొయ్యికి సీలు వేశారు. మధ్యాహ్నానికి గేనర్ మాస్కు తీసేశారు. మార్నీకి ఇంకాసేపు ఉంచారు. నర్సు పక్కన కూర్చుని ఆమెకి కుందేలు బొమ్మలు గీసి చూపిస్తోంది.

ఫిలిప్పా గేనర్‌ని బయటికి, తలుపు పక్కనున్న బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. గాజు తలుపులోంచి మార్నీ మంచం కనిపిస్తోంది. సముద్రం మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. ముందు క్షమించమంది, మిమ్మల్ని నమ్మకపోవడం మా తప్పంది. ఆ తర్వాత కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది అడగక తప్పదు," అంది. "ఇంట్లో అలారం లేదా? ఓనరు పెట్టలేదా?"

ప్రశ్నలోనే జవాబు పెట్టి అందించింది ఆవిడ. పెట్టలేదు అంటే చాలు. ఫోన్ ఎత్తని ఆ ఓనరు మీద పడుతుంది, వాడు పడాల్సినవాడే. ఇంటికెళ్ళి సొరుగులోది తీసి రేవులో పారేస్తే ఎవరికీ తెలియదు. మార్నీ తనదవుతుంది. నిజం చెప్పిందంటే, అమ్మమ్మే చేతులారా అలారం పీకేసిందని కాగితం మీద పడుతుంది, కమిటీ అది చదువుతుంది, ఆపైన ఎవరు ఏం చేస్తారో దేవుడికే తెలియాలి. నెల రోజులు నిజం నెత్తీనోరూ కొట్టుకుని చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు అబద్ధం చెబితే ఈవిడ వెంటనే నమ్ముతుంది. నమ్మడానికి కలం పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఒక అబద్ధం ఆడితే దాన్ని రోజూ మోయాలి, ఓనరు ఎదురైనప్పుడు మోయాలి, మార్నీ పెద్దదై అడిగినప్పుడు మోయాలి. గేనర్‌కి ఆ ఓపిక లేదు. మంచితనం కాదు, అలసట.

"పెట్టాడు," అంది. "నా సొరుగులో ఉంది, టవల్లో చుట్టి. అది అరిస్తే, నా వేప్ ఆవిరికి అరుస్తోందనుకున్నా. మీరొచ్చినప్పుడు అరిస్తే నేను సిగరెట్ తాగుతున్నాననుకుంటారని బ్యాటరీలు పీకేశా. రాసుకోండి."

ఫిలిప్పా రాయలేదు. కలం కాగితం మీదే ఆగిపోయింది. ఆవిడ పెదాలు తెల్లబడటం గేనర్ గమనించింది.

"మా ఇంటి అలారం హాల్లో ఉండేది," అంది ఫిలిప్పా ఆఖరికి. "పొద్దున్నే మా ఆయన లేవకముందు అక్కడే నిలబడి వేప్ లాగుతా. సిగరెట్ మానేశా గానీ ఇది మానలేదని ఆయనకి తెలీదు, ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఓ రోజు అది అరిచింది. ఆవిరికే అనుకుని నేనూ దించేశా."

"ఏ అలారం అది? పొగదా, గ్యాస్‌దా?"

"చూడలేదు."

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"పిల్లలు. సెలవు కదా."

"అయితే ముందు ఫోన్ చెయ్యమ్మా," అంది గేనర్. అప్పటిదాకా మీరూ గారూ అన్న మనిషి, ఆ క్షణాన మర్యాదలన్నీ మర్చిపోయింది. "నా సంగతి తర్వాత రాసుకుందువుగాని, ముందు వాళ్ళని బయటికి రమ్మను."

ఫిలిప్పా లేచి నాలుగడుగులు దూరం వెళ్ళింది. మాటలు గాలికి ముక్కలు ముక్కలుగా వినిపించాయి. కిటికీలు తీయమంటోంది, కోటు లేకపోయినా ఫర్వాలేదు తోటలోకి పొమ్మంటోంది, అల్మారా పైఅరలో ఉందంటోంది, దాని మీద ఏం రాసుందో చదవమంటోంది. తర్వాత ఫోన్ చెవికి అదుముకుని వింది. గేనర్ ఆ వీపు వైపు చూస్తూ కూర్చుంది. ఈవిడకీ పిల్లలున్నారు, ఈవిడకీ వేప్ ఉంది, ఈవిడ చేసిందీ అదే పని. ఈవిడని మాత్రం ఎవరూ గొట్టంలో ఊదమనలేదు. కోపం రావాలి గానీ రాలేదు. చలికి చేతులు కోటు జేబులో దూర్చింది. సిగరెట్ పెట్టె చేతికి తగిలింది.

ఫిలిప్పా తిరిగొచ్చి కూర్చుంది. అది పొగ అలారమేనట, పిల్లలు బాగానే ఉన్నారట, అయినా గ్యాస్ వాళ్ళని పిలిపించిందట. గేనర్ పెట్టె తీసి, విప్పకుండానే పక్కనున్న చెత్తడబ్బాలో పడేసింది. ఫిలిప్పా అది చూసింది. ఇవాళ మీరిద్దరూ పక్కూరు క్లీథోర్ప్స్‌లో మీ చెల్లెలింటికి వెళ్ళండి, పాపని మీ నుంచి విడదీయమని నేను రాయను అంది. అలారం సంగతి మాత్రం రాయక తప్పదంది.

"రాయి," అంది గేనర్.

"ఏమని రాయను?"

"కాలు జారిందని రాయి. ఆ మాటైతే మీ వాళ్ళకి బాగా అర్థమవుతుంది."

ఫిలిప్పా నవ్వలేదు. వంగి చాలాసేపు రాసింది. రాసి, కాగితం గేనర్ వైపు తిప్పి చూపించింది. అలారం దించడం గురించి రెండు వాక్యాలున్నాయి. వాటి కింద, ఇదే పొరపాటు ఇదే కారణంతో నేనూ మా ఇంట్లో చేశాను అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టింది. గేనర్ దాన్ని రెండుసార్లు చదివింది. ఇది చదివితే నీ ఉద్యోగం సంగతేమిటని అడగబోయి, ఊరుకుంది. ఆవిడకి తెలియకనా.

లోపల మార్నీ మాస్కు ఇంకా మొహం మీదే ఉంచుకుని, నర్సు చెవి పట్టుకుని ఏదో చెబుతోంది.

"నీ దగ్గరుందా అది?" అంది గేనర్.

ఫిలిప్పా కోటు జేబులోంచి తన వేప్ తీసి ఇచ్చింది. గేనర్ ఒకసారి లాగింది. మామిడిపండు రుచి ఆమెకి అస్సలు నచ్చలేదు. రెండోసారి లాగి ఇచ్చేసి, మనవరాలి దగ్గరికి లోపలికెళ్ళింది.